ఇస్కూలు

ఓరుగంటి మాష్టారూ,
మీరు కొట్టింది వేళ్ల మీదే గానీ
వాచింది నాలుకండి.

'ఇస్కూలు' అన్నాను.
'ముందు ఆ ఇ ఎక్కణ్ణించి తెచ్చావే?' అన్నారు.
క్లాసంతా నవ్వింది.
అంబాజీపేట రోడ్డు మీద పీచు లారీ కూడా
ఒక్క క్షణం ఆగి నవ్వినట్టే ఉంది.

అప్పుడు చెప్పడం రాలేదు.
మా పేటలో ప్రతి గుమ్మం ముందూ బోదె ఉంటదండి,
బోదె మీద తాటిదుంగ.
దాని మీద అడుగెయ్యకుండా
కరెంటు బిల్లాయనైనా, పాస్టరు గారైనా
మా ఇంట్లోకి రాలేరు.
రెండు హల్లులు ఒకదాన్నొకటి పట్టుకుని
దారికడ్డంగా నిలబడ్డ మాట ముందు
మా నాలుకా ఓ దుంగ వేసుకుంది, అంతే.
ఇస్కూలు, ఇస్టేషను, ఇస్టాంపు కాయితం.
ఆ దుంగ మీంచే కదా మీ దగ్గరికొచ్చాను.

డబ్బు తీసుకోకుండా సాయంత్రాలు పాఠం చెప్పారు. మరిచిపోలేదు.
నాన్న తెచ్చిన కొబ్బరికాయలు
'అరుగు మీద పెట్టించబడాలి' అన్నట్టు చూసేవారు.
ఆ వాక్యంలో కర్త ఎవరో
నాకప్పటికి తెలీదు.

రాజమండ్రి నుంచి ఇన్‌స్పెక్షన్‌కొచ్చినాయన
మీరు 'ప్లెషర్' అంటే మధ్యలో ఆపి
'ప్లెజర్' అన్నాడు, మెల్లిగా, పసిపిల్లకి చెప్పినట్టు.
మీ చెవులు ఎర్రబడటం మొదటి బెంచీకి కనబడింది.
ఆయన వేళ్ల మీదా ఎక్కడో, ఎప్పుడో
ఒక బెత్తం పడే ఉంటదని తోచలేదు.
సంతోషించాను.
ఇప్పటికీ దానికి నా సిగ్గు సగమే.

టెన్తులో పాసివ్ వాయిస్ చెప్పారు.
జరిగింది ముందుకొస్తుంది, చేసినవాడు వెనక్కెళ్తాడు.
వాడెవరో చెప్పనక్కర్లేకపోతే
'బై'తో సహా కొట్టెయ్యొచ్చు.
ఆ వారమే మా నాన్న దావీదు
అర్జీ రాయించుకోడానికి మీ అరుగు కిందికొచ్చాడు.
ఇంగ్లీషులో ఉంటే ఆర్డీవో గారు చదువుతారని.
నాన్న చెప్పింది:
'సొసైటీ ప్రెసిడెంటు మా పదకొండు మందివీ
నాలుగు నెలల ఒలుపు కూలి తినేశాడండి.'
మీరు రాసింది:
'వేజెస్ హావ్ నాట్ బీన్ పెయిడ్.'
ఒక్క తప్పు లేదు.
నేనే చదివి వినిపించాను, గర్వంగా.
'మరి ఆయన పేరేదమ్మా?' అన్నాడు నాన్న.
నేను రూలు చెప్పాను.

మర్నాడు పొద్దున్నే గునపానికి కాయ గుచ్చి
ఒక్క మెలి తిప్పాడు. ఏమీ అనలేదు.
ఆ కూలి ఇప్పటికీ
పాసివ్ వాయిస్‌లోనే ఉందండి.

ఇప్పుడు ముమ్మిడివరంలో నేనూ ఇంగ్లీషు టీచర్నే.
'ఇస్కేలు లేదు టీచర్' అంటది ఒక పిల్ల.
నా స్కేలు ఇస్తాను.
సరిచేస్తాను కూడా, అబద్ధమెందుకు?
కాకినాడ ఇంటర్వ్యూలో దాన్ని చూసి నవ్వడానికి
ఇంకో క్లాసు కుర్చీలేసుకుని కూర్చుని ఉంటది.

పోయిన గురువారం స్లిప్ టెస్టులో ఒక ఖాళీ ఇచ్చాను:
'ది వేజెస్ వర్ ఈటెన్ బై ______.'
కూలి తినే వస్తువు కాదు, వాక్యం తప్పంటారు.
తెలుసండి. తెలిసే ఇచ్చాను.
ముప్ఫైరెండు కాయితాలు.
'ర్యాట్స్' అని కొన్ని, 'డెవిల్' అని రెండు,
'మీ' అని ఒకటి, పాపం.
మూడో బెంచీ పిల్ల మాత్రం
ఎవరిదో పేరు రాసి, చెరిపి,
మళ్లీ రాసి, మళ్లీ చెరిపింది.
రబ్బరుకి చిల్లు పడి
అందులోంచి నా టేబులు కనబడతా ఉంది.

ఎర్రపెన్ను మూత తీసి కూర్చున్నాను మాష్టారూ.
మార్కు వెయ్యడానికి
అక్కడ కాయితం లేదు.