రెండు నిమిషాలు

జీడిమెట్లలో బేరింగులు లెక్కపెట్టేవాణ్ణి.
కంపెనీ మూతపడ్డాక
నార్సింగి హాస్టల్లో పిల్లల్ని లెక్కపెడుతున్నాను.
బేరింగులే నయం,
ఒకటి తక్కువైతే జీతంలో కోసేవాళ్ళు, అంతే.

అరవై రెండు మంచాలు.
అరవై రెండు ఇనప పెట్టెలు,
వాటిలో సగం తాళంచెవులు నా మొలతాడుకే.
పోయినవి పోగా చెప్పులు నూట తొమ్మిది.

నాకు తెలిసినవి ఏ ఇన్‌స్పెక్షన్‌లోనూ అడగరు.
పన్నెండో మంచంవాడు నిద్రలో ఎక్కాలు చెబుతాడు,
పదమూడో ఎక్కం దగ్గర ఆగి ఏడుస్తాడు.
ఇరవై తొమ్మిదోవాడు పక్క తడుపుతాడు.
నాలుగింటికే లేపి, దుప్పటి పిండి,
నలుగురూ లేచేలోగా డాబా మీద
నా లుంగీ పక్కన ఆరేస్తాను.
ఎవరైనా అడిగితే రెండూ నావే.
గుడ్డు పెట్టే రోజు ఎవరికీ జ్వరం రాదు,
లెక్కల పరీక్ష రోజు పదకొండు మందికి.

ఎనిమిదీ ముప్పావుకి హాజరు.
నలభై ఒకటో మంచం, చెన్నకేశవులు, ఆరో తరగతి,
నారాయణపేట అవతల ఏదో ఊరు.
"ఉన్న సార్" అంటాడు గానీ
మొహం కిటికీలో ఉంటుంది.
మొదట్లో రెండు దెబ్బలేశాను.
దాచడమెందుకు, వేశాను.
మూడోనాడు చెయ్యెత్తితే
తల వంచుకోకుండా చెప్పాడు:
"మా అమ్మ లైటేస్తది సార్."

మా ప్రహరీ అవతల, రోడ్డవతల,
ఇంకా గోడలు లేవని పద్నాలుగో అంతస్తు.
సూపర్‌వైజర్ కసరకముందే
సెల్లు టార్చి వెలిగి ఆరుతుంది, మూడుసార్లు.
ఒకటి, నేను తిన్న.
రెండు, నువ్వు తిన్నవా?
మూడు, పండుకో.

మాకేమో ఇరవై నాలుగు ట్యూబులైట్లు.
అద్దంలో మా మంచాలే మాకు కనిపిస్తాయి.
వాడు అరచేతులు రెండూ కళ్ళకి దొప్పలు చేసి
నుదురు అద్దానికి ఆనించి వెతుక్కునేవాడు.

లైట్లార్పేది తొమ్మిదికి.
ఆ రూలు గోడ మీద రాసింది నేనే.
ఆ రాత్రి తొమ్మిదికి రెండు నిమిషాలుండగా
మెయిను దించాను.
అరవై ఒక్క నోళ్ళు "ఓ..." అని అరిచాయి.
ఒక నోరు మెల్లగా మూడు దాకా లెక్కపెట్టింది.

రిజిస్టర్లో రాశాను: కరెంటు పోయినది, రెండు నిమిషాలు.
మర్నాడూ పోయింది. ఆ మర్నాడూ.
"మన ఒక్క బిల్డింగుకే ఎట్ల పోతది పెంటయ్యా?"
"పాత ఫ్యూజు మేడం."
లైన్‌మన్ వచ్చి మంచి ఫ్యూజు తీసి కొత్తది పెట్టి,
చాయ్ తాగినంతసేపూ నా మొహమే చూసి,
ఏమీ అనకుండా బండెక్కాడు.

ఎండాకాలం సెలవులు అయ్యేసరికి
పద్నాలుగో అంతస్తుకి అద్దాలొచ్చాయి, పరదాలొచ్చాయి.
పనోళ్ళని కొల్లూరు సైటుకి తోలారట.
ఇప్పుడక్కడ ఎవరిదో టీవీ
గోడంతా నీలంగా కదులుతుంది.

ఇక నాకు ఫ్యూజుతో పని లేదనుకున్నాను.
హాజరు ముగించి, పుస్తకం మూసి,
తొమ్మిది కొట్టేదాకా ఊరికే నిలబడ్డాను.
నలభై ఒకటో మంచం ముసుగుతన్ని పడుకుంది.
నిద్రపోలేదు, నాకు తెలుసు,
నిద్రపోయినవాడి కాలివేళ్ళు అలా ముడుచుకుని ఉండవు.

మిగతావాళ్ళు మాత్రం
ఎవరూ పిలవకుండానే కిటికీల దగ్గరికి చేరారు.
ఒకడి తల్లి పటాన్‌చెరులో రొట్టెలు చేస్తుంది,
ఒకడి తండ్రి బాలాపూర్‌లో లారీ కడుగుతాడు,
ఒకడికి ఏ దిక్కు చూడాలో కూడా తెలియదు,
అయినా చోటు కోసం మోచేత్తో పొడుస్తున్నాడు.

ఎక్కాలవాడు వెనక్కి తిరిగి నన్నడిగాడు:
"సార్, ఇయ్యాల ఫ్యూజు పోదా?"

దించాను.
ఈసారి ఎవరూ అరవలేదు.
చీకట్లో ఒక మంచం కిర్రుమంది,
సిమెంటు మీద వట్టి పాదాలు నడిచాయి.
ఎవరివో నేను చూడలేదు.