కట్టు

పుత్తూరులో, రైల్వే గేటు పక్క సందులో
నా ఆన్‌లైన్ అంగడి.
బల్ల మీదుండే కంప్యూటరు
నగరిలో మూతబడిన మగ్గాల కంపెనీ ఆఫీసుది.
తూకానికి పోబోతుంటే ఆటోలో వేసుకొచ్చినాను.
మూత తీస్తే ఇప్పటికీ ఫ్యానుకు
ఎర్ర నూలు పోగులు చుట్టుకోని ఉంటాయి.

మొదట్లో బాగానే ఉండింది.
తర్వాత బ్రౌజరు తనంతట తానే కొత్తదయింది,
రాత్రికి రాత్రి, నన్నడక్కుండా.
పొద్దున పేజీ కిందికి జరిపితే
అక్షరాలు ముందొచ్చినాయి, రంగులు అంగుళం వెనక.
నడిమధ్యన నల్లటి గళ్ళు,
అద్దకం తప్పిన చీర మాదిర.
ఒక్కోసారి తెరంతా చీకటి.
మూడు లెక్కబెట్టేలోపల మళ్ళీ వెలుగు,
ఏమీ జరగనట్టు.

హాల్‌టికెట్టు కోసం వచ్చిన జరీనా
ఫోటో జాగాలో సగం మొహమే చూసుకోని
"అక్కా, నా గెడ్డం యాడ పాయ?" అనింది.
నవ్వుకున్నాం.
ప్రింటు తీస్తే మొహం పూర్తిగా ఉండింది.
అంటే రోగం కాయితంలో లేదు,
చూపించే చోట ఉండాది.

ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది పెట్టినాను.
చూసిన చరిత్రంతా చెరిపేసినాను.
తిరపతి నుంచి వచ్చిన మెకానిక్కు
"కొత్తది కొనుక్కోమ్మా" అని, టీ తాగి పోయినాడు.

ఆ వారమే ఢిల్లీబాబన్న వచ్చినాడు,
ఎముకలు కట్టే మనిషి.
పింఛను కోసం వేలిముద్ర వెయ్యాల.
ఎన్నిసార్లు వేసినా పడదు ఆయనకు:
నలభై ఏండ్లు ఆకు పసరులో, గుడ్డు సొనలో
నాని నాని గీతలు పోయినాయి.

తెర వణికేది చూస్తా కూచున్నాడు.
"ఏడ విరిగింది?" అన్నాడు.
నాకు తెలిసినంత చెప్పినాను:
బొమ్మలు గీసే పని బ్రౌజరు తను చేసుకోదన్నా,
లోపల ఒక కార్డుంటాది, దానికి అప్పజెప్తాది,
తొందరగా అవుతాదని.
ఈ కార్డు ముసలిది. కొత్త మాటలు దానికి తెలీవు.
రాదని చెప్పదు.
అందుకుంటాది, జార్చేస్తాది.

ఆయన క్యాబినెట్టు మీద బొటనవేలు పెట్టి
కాసేపు ఊరకున్నాడు, మణికట్టు చూసినట్టే.
"వాచిన చేతికి బిందె ఇస్తారా ఎవురైనా?
కట్టెయ్. పని చెప్పొద్దు."

సెట్టింగుల్లో అడుగున, ఎవురూ పోని చోట
చిన్న మీట: హార్డ్‌వేర్ యాక్సిలరేషన్.
నీలంగా ఉండేదాన్ని నొక్కితే బూడిదరంగయింది.
బ్రౌజరు మూసి తెరిచినాను.

పేజీ మెల్లగా దిగింది,
కాలికి కట్టేయించుకున్నోడు బస్సు మెట్లు దిగినట్టు.
కానీ ఎక్కడా తెగలేదు.
గళ్ళు లేవు, చీకటి లేదు.
వేలు ఒప్పుకోని కాడ కన్ను పెట్టించి
ఆయన పింఛను పని కూడా ముగించినాను.

"ఎన్నాళ్ళకు ఇప్పాలన్నా?"
"మనిషికైతే మూడు కట్లు.
దీని సంగతి నాకేం తెలుసు."

అట్లని సుఖపడింది ఏమీ లేదు.
బరువంతా ఇప్పుడు ప్రాసెసరు మీద.
మొన్న మరమగ్గాల మునికృష్ణ
కూతురు బళ్ళో ఆడిన కోలాటం చూపించమన్నాడు.
పాట ఒక దరువు ముందు పోతాంది, పిల్లోళ్ళు వెనక.
కర్రకు కర్ర తగిలే పాటికి
చప్పుడు ఎప్పుడో అయిపోయి ఉండాది.
ఫ్యాను మగ్గం మాదిర అరిచింది.
ఆయన మాత్రం రెండోసారి కూడా పెట్టించుకున్నాడు.

ఢిల్లీబాబన్న ఆ పొద్దు పోతా పోతా
గడప కాడ నిలబడి అడిగినాడు:
"అయితే అది లోపల ఊరికే పడుండాదా ఇంక?"
నాకు జవాబు తోచలేదు.

రాత్రి షట్టరు దించే ముందు
కంప్యూటరు వెనక్కి వంగి చూస్తే
తెరకు పోయే తీగ
ఇంకా ఆ కార్డుకే బిగించి ఉండాది.
గీసేది ఎవురైనా
వెలుగు దాని చేతిలోంచే పోతాంది.