చెక్కుబందీ

తూర్పుకు ఏరు.
పడమటికి ఏరు.
దక్షిణానికి ఏరు.
ఉత్తరానికి దొరసామి పెరడు, దాని వెనక మళ్లా ఏరు.
ఏటిమిట్టలో ఏ ఇంటికి దస్తావేజు రాసినా
నా కలం మూడు మార్లు తడిసి
నాలుగోసారి గట్టెక్కేది.

కాళాస్త్రి రిజిస్ట్రారాఫీసు వరండాలో
ముప్పై ఒక్కేండ్లుగా నా బల్ల.
నా ఊరు మాత్రం అక్కడ,
స్వర్ణముఖి రెండుగా చీలి
కోసెడు దూరం ఎడమొగం పెడమొగంగా నడిచి
మళ్లా కలిసేచోట,
ఆ అలకలో మిగిలిన చారెడు మన్ను.
పొడవు మైలు. వెడల్పు, పిలిస్తే పలికేంత.
పడమటి కొస రాయి.
తూరుపు కొస మెత్తన,
ఏటా ఒక జానెడు సముద్రం దిక్కు జరిగేది.
"ఊరు నడస్తా వుంది నాయనా,
మనకే తొందర లేదు" అనేది మా అవ్వ వెంగమ్మ.

ఎవరో పాళెగాడు మగ్గానికి పన్నేస్తే
పన్నెండిండ్ల సాలెవాళ్లు
రాత్రికి రాత్రి మగ్గాలు నెత్తినెత్తుకొని ఏరు దాటినారంట.
పన్నడిగేవాడికి ఈత రాదు.
మా చరిత్రలో అది మొదటి వాక్యం.

రెండో వాక్యానికి చానా ఏండ్లు పట్టింది.
తెల్లదొర గొలుసుతో వచ్చి మిట్టంతా కొలిచి
పోరంబోకని రాసుకొని రాయి పాతి పోయినాడు.
మరుసటేడు వరద ఆ రాయిని పెరికి దిగువన పారేసింది.
మోసుకొచ్చి గుడ్డలుతికే బండ చేసుకున్నాం.
దానిమీద బాణం గుర్తు
చీర పిండేటప్పుడు మా అమ్మ అరచేతికి తగిలేది.

మిట్టమీద శ్మశానం లేదు.
చచ్చినా ఏరు దాటాల్సిందే.
పుట్టి నడిపే గుర్రప్ప శవానికి కూలి తీసుకోడు.
తిరిగొచ్చే మనుషుల దగ్గరే కాసు.

తర్వాత చప్టా పడింది. బస్సొచ్చింది.
గుర్రప్ప కొడుకు పుట్టిని బోర్లించి
కోళ్లను మూసినాడు.

ఆపైన లారీలు.
తిరప్తిలో మేడ మీద మేడ లేచేకొద్దీ
మా ఏరు గుంత కింద గుంతగా దిగింది.
మూరెడు తవ్వితే ఊరే చెలమ
మూడు మట్లు దిగినా పలకలేదు.
ఎండిన పాయలో రంగు జెండాలు పాతి
ఎవరో ప్లాట్లని గీసినారు.

కొత్తగా వచ్చిన రిజిస్ట్రారు
కండ్లద్దాలు తుడుచుకుంటా అడిగినాడు:
"మూడు పక్కలా ఏరంటావే, ఏదయ్యా ఏరు?
సెల్లు పటంలో చూడు, ఖాళీ జాగా."
నేను బదులు చెప్పలేదు.
ఖాళీ జాగా అని రాస్తే
రేపు ఎవడో కొంటాడు.
ఏరని రాస్తే,
ఏరు ఎవరికీ వేలిముద్ర వెయ్యదు.

కార్తీకంలో వాయుగుండం.
మూడు రాత్రులు.
చప్టా రెండో రాత్రే పోయింది.
బడి మిద్దెమీద నూటా ఇరవైమంది,
చుట్టూ ఎర్రనీళ్లు,
నీళ్లలో ఒక జెండా తిరుగుతా, తిరుగుతా.
గుర్రప్ప మనవడు కోళ్లను వదిలి
పుట్టిని మళ్లా వెల్లకిల తిప్పినాడు.
గడ ఎట్లా పట్టాలో వాడికెవరు చెప్పినారో తెలీదు.

నేను ఏటిని పొగిడే మనిషిని కాను.
సుబ్బరత్నమ్మ పాడావు కట్టుకొయ్యతో సహా పోయింది.
చెంగల్రాయులు మగ్గం పోయింది, నేస్తున్న చీరతో.
దొరసామి పెరట్లో మునగచెట్టు పోయింది,
పెరడూ పోయింది.

నీళ్లు తీసినాక చెంగల్రాయులు వచ్చినాడు,
సగం ఇల్లు అమ్మాలని.
ఏ సగం?
"వుండే సగం."
తూర్పుకు?
"ఏరు."
పడమటికి, దక్షిణానికి
నేను అడగలేదు, వాడు చెప్పలేదు.
ఉత్తరానికి?
గొంతు సవరించుకొని
కాసేపు గోడకేసి చూసి
"అదీ ఏరే. రాయన్నా" అన్నాడు.

రాసినాను.
అద్దుడు కాగితం పక్కనే వుంది.
అద్దలేదు.