రెండొందల పన్నెండో పేజీ

శ్రీకాకుళం, ఏడురోడ్ల కూడలి వెనక సందు.
కిందన జీడిపప్పు కొట్టు, మీదన మా ప్రెస్సు.
ప్రూఫులు దిద్దితే పేజీకి ఆరు రూపాయలు.
గుణింతాలు సరిచెయ్యాలి, జారిపోయిన వత్తులు వెతకాలి,
కథ జోలికి పోకూడదు.

దివాకరం మాస్టారు పదకొండేళ్ళు కూర్చుని రాసిన
చారిత్రక నవల.
కళింగపట్నం రేవులో ఓడెక్కి
రంగం పోయిన మనవాళ్ళ కథ.
రంగం అంటే రంగూనే.
ఆ ఊరు చూడని నోళ్ళు కూడా
మా పేటలో ఇప్పటికీ అలాగే అంటాయి.

ఎంత బాగా రాశారో!
బియ్యం మిల్లు హెండర్సన్ దొర
కూలీల వరస ముందు నడిచిన ప్రతిసారీ
సెంటు చల్లిన చేతిరుమాలు
ముక్కుకి ఆనించుకుంటాడు.
డాక్టరు పళ్ళు లెక్కపెడతాడు, సంతలో ఎద్దుకి చూసినట్టు.
వంశధార నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి,
కోరంగి రేవు ఏ దిక్కునుందో ఎరగనివాణ్ణి
"ఒరే కోరంగీ" అని పిలుస్తుంది ఆ ఊరు.
పలకాలి.
పలక్కపోతే బెత్తం.
ఆ అధ్యాయంలో
రెండు చోట్ల దీర్ఘాలు వదిలేశాను,
కళ్ళు మసకేసి.

తర్వాత వచ్చింది రెండొందల పన్నెండు.
కథానాయకుడు, మిల్లులో గుమస్తా,
సెలవైపోయి మళ్ళీ ఓడెక్కాడు.
చల్లగాలికని తిరుగుతూ కింది అంతస్తుకి దిగాడు.
"ఆ మూల కాటుక కంటే నల్లని కూలీ ఒకడు
మట్టిపిడతలో అంబలి జుర్రుకుంటున్నాడు.
పంతులు కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని
గబగబా మెట్లెక్కేశాడు."

అచ్చుతప్పు ఒక్కటీ లేదు.
మాస్టారికి ఇక్కడ కోపం రాలేదు.
కింది పేరాలో సూర్యోదయం.

మా గన్నెమ్మ మామ్మకి తొంభై దాటాయి.
మామ్మ కడుపులో ఉండగా
వాళ్ళయ్య పోలయ్య రంగం పోయాడు,
మాలపేట నుంచి రేవు దాకా నడిచి,
ఒక చేత్తో చోడిపిండి మూట, ఒక చేత్తో మట్టిపిడత.
ఉత్తరం రాలేదు, డబ్బు రాలేదు,
చావుకబురూ రాలేదు.
అలాంటి పిడతలు ఓడనిండా ఉండుంటాయి, తెలుసు.
అయినా నా ఎర్ర పెన్సిలు ఆగింది.
అంచున ప్రశ్న గుర్తు పెట్టాను,
ఆవగింజంత.

మాస్టారొచ్చారు. మంచాయన,
నేను తాగే గ్లాసుతోనే టీ తాగుతారు.
"ఏమ్మా, అచ్చుతప్పా?"
"కాదండి."
"మరి?"
నాకు మాట దొరకలేదు.
కట్టలోంచి నలభై ఒకటో కాగితం లాగి,
దొర రుమాలున్నది,
దాని పక్కన పెట్టాను.
ఆయన అటు చదివారు, ఇటు చదివారు.
కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ
తుడుస్తున్న కండువా కేసి కాసేపు చూశారు.
ఫ్యాను గాలికి కాగితాలు లేచాయి, ఇద్దరం పట్టుకున్నాం.
"సరిచేసి పంపుతానమ్మా" అన్నారు.

పుస్తకం వచ్చింది. అట్ట మీద కళింగపట్నం దీపస్తంభం.
మెట్ల మీదే నిలబడి తీశాను.
కండువా లేదు.
కాటుక లేదు.
పిడత లేదు, పిడత పట్టుకున్న చెయ్యి లేదు,
ఆ మూలే లేదు.
పంతులు ఒంటరిగా సముద్రం చూస్తున్నాడు.
సూర్యోదయం ఒక పేరా పైకొచ్చింది.
ఇప్పుడూ అచ్చుతప్పు ఒక్కటీ లేదు.

రాత్రి మంచం పక్కన కూర్చుంటే
మామ్మ పుస్తకాన్ని తడిమి అడిగింది,
"ఇందల మాయయ్య ఉన్నాడేటే గుంటా?"
ఉన్నాడన్నాను.
"ఏటి సేత్తన్నాడు?"
రెండొందల పన్నెండు తెరిచి
సూర్యోదయానికి పైన, తెల్లటి అంచు మీద
వేలు పెట్టి చదివాను:
"అంబలి తాగతన్నాడు మామ్మా.
ఎవుడో మెట్లు దిగొత్తే
తలెత్తి సూసినాడు."

మామ్మ చాలాసేపు మాట్లాడలేదు.
నిద్రపోయిందనుకున్నాను.

"ఉప్పేసినారో లేదో" అంది.
"సప్పగుంటే తాగడని మాయమ్మ సెప్పీది."