నాలుగో వరుస మగ్గం

ఆదివారం రాత్రి తొమ్మిదింటికి
మా ఆయన టీవీలో చచ్చిపోతాడు.
అప్పటికే చచ్చి ఉంటాడు, అది వేరే సంగతి.

ముందుగదిలో కుర్చీలు చాలలేదు.
తలుపు దగ్గర టైటస్ వాళ్లు నిలబడే ఉన్నారు.
అర్నెటా తెచ్చిన పీచ్ పళ్ల కేకు
ఎవరూ కొయ్యలేదు.

తెరమీద మా మిల్లు.
జార్జియా ఎండకి రేకులు లేచిపోయిన మిల్లు,
ముప్ఫై ఒక్క ఏళ్లు ఓడెల్ నూలుదుమ్ము మింగిన చోటు.
మూతబడి పదకొండేళ్లు.
మళ్లీ గేటు తీసింది శవాల కోసం:
రోజుకి నూటపది డాలర్లు, మధ్యాహ్నం భోజనం.

నాలుగో వరుస మగ్గం కింద ఆ పిల్ల నక్కింది.
ఒళ్లో పసివాడు, వాడి నోటిమీద తన అరచెయ్యి.
పగిలిన అద్దాల్లోంచి వెలుగు పలకలు పలకలుగా పడుతోంది.
అటునుంచి వస్తున్నారు వాళ్లు,
కాళ్లీడ్చుకుంటూ, గాలిని వాసన చూస్తూ.
అందరికంటే ముందు మా ఆయన.

దవడ లేదు. చెంప వేలాడుతోంది.
అయినా పోల్చుకున్నాను.
ఎడమకాలు అలా ఈడ్చడం ఎవరూ నేర్పింది కాదు,
తొంభై ఆరులో నూలు బేలు మీదపడ్డప్పటిది.
ఆ వరుసలో మూడో బండ కాస్త ఎత్తు.
కిందికి చూడకుండానే అడుగు ఎత్తి వేశాడు.
చచ్చినవాడికి ఆ ఎరుక ఎక్కడిది?

పసివాడు కదిలాడు.
వాడు రబ్బరు బొమ్మని ఓడెల్ ముందే చెప్పాడు.
తెలిసీ నాకు ఊపిరాడలేదు.
టైటస్ చిన్నకొడుకు గోళ్లు నా మోచేతిలో దిగాయి.

ఇక్కడ ఆయన పక్కకి తిరిగి వెళ్లిపోవాలి.
వెళ్లలేదు.
వంగాడు. మగ్గం చట్రం మీద చెయ్యి వేశాడు,
పడుగు ఎక్కడ తెగిందో తడిమి చూసేవాడిలా,
మెల్లగా, ఒక్కో అంగుళం.
పిల్ల కళ్లు తెల్లబడ్డాయి.
అది నటన కాదు.

డైరెక్టరు ‘కట్’ అన్నాడట. మళ్లీ అరిచాడట.
కుడివైపు నుంచి అరిస్తే ఏం లాభం,
ఆ చెవిని మగ్గాలు ఎప్పుడో తినేశాయి.
కెమెరా ఆగలేదు. ఆ ముక్కే ఉంచేశారు.

తర్వాత ఎవడో గొడ్డలితో వచ్చాడు.
మా ఆయన కూలిపోయాడు.
గదంతా చప్పట్లు. అర్నెటా ఈల కూడా వేసింది.
నా చేతులు లేవలేదు.

వంటింట్లో నీళ్ల చప్పుడు.
తన చావు తను చూడనని
ఓడెల్ గిన్నెలు తోముతూ కూర్చున్నాడు లోపల.
నన్ను చూసి గట్టిగా అడిగాడు,
చెవిటివాళ్లు గుట్టుగా అడిగామనుకునేటంత గట్టిగా:
“మగ్గం కనిపించిందా?”

ఎడమవైపుకి వెళ్లి చెప్పాను,
కనిపించిందని.