లాగిన కూలి

హైవే వంతెన కింద, ఉదయం ఏడున్నరకి,
పడవ మా ఎనిమిదిమందినీ అనుమానంగా చూసింది.
సన్నగా, పొడుగ్గా, ముదిరిన బెండకాయలా ఉంది.
ఒకప్పుడు ఉప్పు మోసేదట. ఇప్పుడు ఆదివారాలు మోస్తోంది.
వెనక, పొలానికి నీళ్లు తోడే డీజిలింజను,
దాని పక్కన మైలపల్లి కొర్లయ్య, చెవిలో సగం కాల్చిన బీడీ.
తిట్టేటప్పుడు తెలుగు, లెక్కపెట్టేటప్పుడు ఒడియా.
"ఎకొ, దుయి, తిని... ఓలమ్మ, ఈ లావుపాటాయన మద్దిన కూకోవాల!"
గోడౌన్ పాత్రో మధ్యకి జరిగాడు. పడవ నిఠారయింది.

గంజాం ఊరికి ఒక వీపుందని అప్పటిదాకా తెలీదు.
వీధిలోంచి చూస్తే రంగులు, బోర్డులు, గ్రిల్లు గేట్లు;
కాలవలోంచి చూస్తే
పూత లేని ఇటుక, పైపుల్లోంచి సబ్బునీళ్లు,
ఆరేసిన పరుపు మీద ఏ పిల్లాడో రాత్రి గీసిన దేశపటం.
ఒకావిడ పళ్లు తోముకుంటూ నురగ నోటితోనే
"ఎవుల్ది పెళ్లి?" అంది.
బ్యాంకువాళ్లం, పిక్నిక్కు అని నళిని ఒడియాలో చెప్పింది.
ఆవిడ ఉమ్మేసింది. అది జవాబు కాదనుకుంటాను.

బడి గోడ, ధాన్యం మిల్లు, ఊక గుట్ట మీద కొంగ,
హఠాత్తుగా ఊరు అయిపోయింది.
రెండు గట్లా రెల్లు,
పూసిందో, కాలి బూడిదయిందో తెలీనంత తెలుపు.
గంజి పెట్టిన చొక్కాలా కార్తీకపు ఎండ,
మెడ దగ్గర మాత్రం గుచ్చుకుంటూ.
మా అందరి బదులూ ఇంజనే మాట్లాడింది.

పదకొండింటికి దానికీ మాట పడిపోయింది.
గుర్రపుడెక్క. రెక్కలకి జడలు జడలుగా.
కొర్లయ్య నడుంలోతు నీళ్లలో దిగి కోశాడు, పీకాడు,
డెక్క తల్లినీ, దాని తల్లినీ తెలుగులో తలుచుకున్నాడు.
మొన్న పున్నానికి పిల్లలు వదిలిన అరటిదొప్ప పడవ ఒకటి,
ఎండిన తమలపాకు, ఆరిన వత్తి,
మెల్లగా మమ్మల్ని దాటి ముందుకెళ్లింది.
పాత్రో దానికి దండం పెట్టాడు.

"తాడుంది," అన్నాడు కొర్లయ్య. "మా తాత రోజుల్లో ఇంజనెక్కడిది?"

చెప్పులు విప్పి గట్టెక్కాం, వరసగా, తాడు భుజాన.
నోట్ల కట్ట బరువు కళ్లు మూసుకుని చెప్పగలను.
నీళ్ల మీద పడవ బరువు అలాటిది కాదు.
మొదటి అడుగుకి కొండ. నాలుగో అడుగుకి
మొండికేసిన పిల్ల కాస్త మెత్తబడి వెంట వచ్చినట్టు.
ఆగితే మాత్రం మళ్లీ కొండే.
రెల్లు కింద, మట్టిలో అరిగిన సన్నటి దారి ఒకటి ఉంది,
మా అడుగుల కొలత ముందే తెలిసినట్టు.
ఎవరిదని అడగలేదు.
ఊపిరి ఖర్చుపెట్టడానికి లేదు.

లాకు దాకా కిలోమీటరన్నా లేదు. గంటంబావు పట్టింది.
వేళ్లు ముడవడం రాక పులిహోర ఒళ్లోకి జారింది.

తిరుగుదారిలో ఇంజను బుద్ధిగా దగ్గింది.
వంతెన మీద లైట్లు వెలిగే వేళకి దిగాం.
కిరాయి పద్దెనిమిది వందలు. కొర్లయ్య లెక్కపెట్టుకుని
ఒక యాభై వెనక్కిచ్చాడు.
"ఇదేంటి?"
"లాగిన కూలి. ఊరికే లాగించుకుంటే మా నాన ఒప్పుకోడు."
నాన ఎక్కడున్నాడో చెప్పినట్టు
గడ్డంతో కాలవకేసి చూపించాడు.
ఎనిమిదిమందికి యాభై. పంచడానికి చిల్లర లేదు,
నా పర్సులోనే ఉండిపోయింది.

సోమవారం పదింటికి కౌంటరు తెరిచి
స్పాంజి గిన్నెలో వేలు ముంచాను.
అరచెయ్యి భగ్గుమంది.
అద్దం అవతలాయన రెండోసారి అడుగుతున్నాడు,
"మేడమ్, సరిపోయిందా?"
మళ్లీ మొదట్నించి మొదలెట్టాను.
ఎకొ, దుయి, తిని.