అలుగు

పైసలిచ్చి మరీ పెండ ఎత్తనీకె పోయినవా అని
నర్సంపేట బస్టాండుల మా చిన్నత్త నవ్వింది.
పెండ కాదత్తా, చీమల గుడ్లు అన్న.
ఇంకా నవ్వింది.

చిట్టీ ఎత్తిన పైసలవి.
వియత్నాంల ఒక అడవి అంచున మూడు నెలలు,
సంచులల్ల, కారు డిక్కీలల్ల, ఐసు డబ్బాలల్ల
పట్టుబడి వచ్చిన జీవాలకు
నేను రాత్రి కాపలా.
తొమ్మిదింటికి ఒక్కొక్క పెట్టె తలుపు తియ్యాలె,
తూకం రాయాలె,
గడ్డకట్టిన గుడ్లను గోరువెచ్చని నీళ్లల్ల విడదియ్యాలె,
అటెనుక ఏం చెయ్యొద్దు.
ఏం చెయ్యకుండుడే అన్నిటికంటె కష్టమైన పని.

పదిహేడో నంబరు దానికి ముందటి కాలొకటి లేదు.
ఉచ్చు తీగ తిన్నది.
ఆరు రాత్రులు అది ముద్ద విప్పలే.
పెంకు మీద పెంకు, పెంకు కింద తోక,
తోక కింద ముఖం.
నాతోటి పనిచేసే హన్ అడిగింది,
మీ దిక్కు దీన్నేమంటరు?
అలుగు, అన్న.
అలుగు, అన్నది నాలుక తడుముకుంట.
అంటే?

అంటే ఏం చెప్పాలె.
బువ్వ వద్దని పిల్ల గోడ దిక్కు తిరిగితే అలుగుడు.
చెరువు నిండి, ఇగ నాతోని కాదని
రాతికట్ట మీదికెళ్లి దుంకితే అలుగు,
కొందరు మత్తడంటరు, మా తాత అలుగనేటోడు.
పుట్టమన్ను వాసన కొట్టే ఈ పెంకుల జీవం అలుగు.
మూడింటికీ మాటొక్కటే ఎందుకో
మా ఊర్లె ఎవ్వరూ అడగలే.
రెండు చేతులతోటి చెరువు చేసి చూపించిన.
హన్ టార్చిలైటు కిందికి దించి
శానసేపు ఆ పెట్టె దిక్కే చూసింది.
"అయితే ఇంకా నిండలే" అన్నది.

ఏడో రాత్రి పదిహేడో నంబరు చచ్చిపోయింది.
ముద్దగనే.
పుస్తకంల తూకం గడిల హన్ గీత గీసింది,
నేను తేదీ వేసిన.

ఈ యేడు పాకాల అలుగు పడ్డ మూడో రోజు
బానోతు కీర్యా ఫోన్ చేసిండు.
మక్కచేను ఒడ్డు మీద దొరికిందట,
యూరియా బస్తాల కట్టిండట.
"ఒకాయన ఇరవై వేలంటుండు మేడం,
ఇంకొకాయన ఆగమంటుండు.
నువ్వేమిస్తవ్?"

నా దగ్గర ఏమున్నది.
పశువుల దవాఖానల ఔట్‌సోర్సింగ్ జీతం,
అది గూడ రెండు నెలల బాకీ.
వాగు దాక స్కూటీ, వాగుల ట్రాక్టరు.
కీర్యా వాకిట్ల పదిమంది,
పదిమంది చేతులల్ల పది ఫోన్ల వెలుగు.
బస్తా మూతి విప్పిన.
ముద్ద.
కాళ్లెన్నున్నయో లెక్కపెట్ట తోవ లేదు.

లైట్లు బంద్ చెయ్యుండ్రి అన్న.
మిర్చి తూసే కాంటా తెమ్మన్న.
తొమ్మిది కిలోల మూడు వందలు.
అటెనుక ఏం చెయ్యొద్దు అన్న.

కీర్యా అరుగు మీద అటు తిరిగి కూసున్నడు.
ఇరవై వేలంటే ఎరువుల షాపు బాకీల సగం.
నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకు తెలుసు.
ఆయనా అలిగిండు.

వాన ఆగింది, మొదలైంది, మల్ల ఆగింది.
ఒక్కొక్కలు ఇండ్లకు పోయిండ్రు.
చీకట్ల దూరంగ పాకాల దుంకుతున్న సప్పుడు.
ఒక పెంకు లేచింది.
దాని కిందికెళ్లి ముక్కు, గాలిని కొంచెం కొంచెం తాగుకుంట.
ఎంతసేపటికో తోక జారింది.
"నాలుగున్నయ్" అన్నడు కీర్యా గుసగుసగ.
ఆయన గూడ లెక్కపెడుతున్నడని
నాకప్పుడే తెలిసింది.

ముందటి చేతులు ఛాతికి ముడుచుకొని
పంచాయితీల నిలబడ్డ ముసలోని లెక్క
అది చేను దాటింది, డొంక దాటింది.
ఇరవై అడుగుల ఎనుక మేమిద్దరం, చెప్పులు చేతుల పట్టుకొని.
అడవి మొదట్ల పుట్ట తవ్వుతున్న సప్పుడు ఇన్నంక
ఆగిపోయినం.

ఫారెస్టు గార్డు నాలుగింటికి వచ్చి
ఖాళీ బస్తా ఫొటో తీసుకున్నడు.
కీర్యా బస్తా దులిపి మడతపెట్టి,
పనికొస్తదని చంకల పెట్టుకున్నడు.

హన్‌కు తూకం ఒక్కటే పంపిన.
తొమ్మిది కిలోల మూడు వందలు.
కాళ్ల సంగతి అడిగితే చెప్తామని.